నల్లకుంట నుంచి తెచ్చిన సర్వర్

అశోక్ నగర్‌లో నేను పనిచేసే కోచింగ్ సెంటర్‌కు ఒక కంప్యూటర్ ల్యాబ్ ఉంది. దానికి పద్దెనిమిదేళ్ళు ఇన్‌చార్జ్‌గా ఉన్న సార్‌ను నిరుడు వేసవిలో పంపించేశారు. ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. నేను అడగలేదు. వద్దని కూడా అనలేదు.

ఆ మీటింగు నాకు బాగా గుర్తుంది. డైరెక్టర్ గారి గదిలో ముగ్గురమే ఉన్నాం. ఆయన, సార్, నేను. ల్యాబ్‌కు ఇద్దరు అక్కర్లేదని, కాలం మారిందని, కొత్త పద్ధతులు తెలిసినవాళ్ళే కావాలని డైరెక్టర్ గారు చాలాసేపు చెప్పారు. తర్వాత డైరెక్టర్ గారు నావైపు తిరిగి, "నువ్వొక్కదానివే చూస్కుంటవా అమ్మా?" అన్నారు. నాకు తెలిసిన కొత్త పద్ధతులన్నీ సార్ నేర్పినవే. ఆ మాట చెప్పాలి. నోటిదాకా వచ్చింది. నలుగురిలో మాట్లాడటం నాకు రాదు. ఆ గదిలో నలుగురు కూడా లేరు. నేల మీద టైల్స్ మధ్య గీతలు చూస్తూ ఉండిపోయాను.

"సరే, చూస్కుంటదట," అన్నారు డైరెక్టర్ గారు.

సార్ లేచి టిఫిన్ డబ్బా తీసుకున్నారు. నా పక్కనుంచే తలుపు దాకా నడిచారు. నేను తల ఎత్తలేదు. ఆ రోజు డైరీలో ఒకే వాక్యం రాశాను, మాట్లాడలేదని.

నేను ఈ ఊరికి వచ్చింది గ్రూప్స్ చదవడానికి. హాస్టల్లో గదికి నలుగురం. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ పోయింది. ఇంకో ఏడాది ఉంటానని ఇంటికి ఫోన్ చేసి చెప్పడానికి మొహం చెల్లలేదు. ఆ రోజుల్లోనే ల్యాబ్ తలుపు మీద అసిస్టెంట్ కావాలని కాగితం అంటించి ఉంటే లోపలికి వెళ్ళాను. సార్ బల్ల కింద దూరి ఏదో వైరు బిగిస్తున్నారు. ముందు ఆయన కాళ్ళే కనిపించాయి. టైపింగ్ వస్తుందా అని బల్ల కిందనుంచే అడిగారు. వస్తుందన్నాను.

"గట్టిగ మాట్లాడుడు వస్తదా?"

ఆయనకు కనబడదని తెలిసీ తల అడ్డంగా ఊపాను. ఆయన నవ్వి, "కంప్యూటర్లకు చెవులుండయ్‌లే. రేపట్నుంచి రా," అన్నారు.

అలా మొదలైంది. మా విద్యార్థులు ఎక్కువమంది పల్లెల నుంచి వచ్చినవాళ్ళు. సొంత కంప్యూటర్ ఉన్నవాళ్ళు తక్కువ. ల్యాబ్‌లో ఏ కంప్యూటర్ ముందు కూర్చున్నా, తన నంబరు కొట్టగానే ఎవరి నోట్సు, ఎవరి జవాబులు వాళ్ళకు తెరుచుకోవాలి. దానికోసం సార్ ఒక డొమైన్ కట్టారు. ఎవరు ఎవరో, ఎవరికి ఏది అందాలో రాసుకున్న ఒక పెద్ద రిజిస్టర్ అనుకోవచ్చు. ఆ రిజిస్టర్ ఒక్క సర్వర్‌లో కాకుండా మూడు బ్రాంచుల్లో మూడు సర్వర్లలో ఉండేది. ఒకదాంట్లో ఏం రాసినా మిగతా రెండూ చూసి రాసుకునేవి. వాటికి సార్ బ్రాంచుల పేర్లే పెట్టారు: అశోక్ నగర్, నారాయణగూడ, నల్లకుంట.

నల్లకుంట బ్రాంచి ఆరేళ్ళ కిందటే మూతపడింది. ఇప్పుడు ఆ ఇంటి కింది అంతస్తులో కర్రీ పాయింట్ ఉంది.

మొన్న చలికాలంలో సర్వర్లు మార్చాల్సి వచ్చింది. ఆన్‌లైన్ మాక్ టెస్టు నడిపే కొత్త ప్రోగ్రాం మా పాత డొమైన్ మీద నడవనంది. కొత్త సర్వర్ కొన్నారు. దాన్ని పాతవాటి మధ్యకు తేవాలంటే ముందు ఒక పని చేయాలి. సర్వర్లు తమలో తాము ఫైళ్ళు పంచుకునే పాత పద్ధతిని వదిలి కొత్త పద్ధతికి రావాలి. ఒక్కటి కూడా వెనకబడటానికి లేదు. అన్నీ సిద్ధమన్నాకే ముందుకు కదులుతుంది.

నేను ఆజ్ఞ ఇచ్చి ఎదురుచూశాను. గంట తర్వాత ఎక్కడిదాకా వచ్చిందని అడిగితే, ఒక సర్వర్ ఇంకా సిద్ధం కాలేదని జవాబు వచ్చింది. కింద దాని పేరు ఉంది. నల్లకుంట.

మరో గంట ఆగాను. అదే జవాబు. తెల్లవారి వచ్చి చూశాను. అదే. లేని సర్వర్ నుంచి కబురు కోసం ఉన్న రెండు సర్వర్లూ ఎదురుచూస్తున్నాయి.

అప్పుడు ఇంకో సంగతి కూడా తెలిసింది. కొన్ని పొద్దుటిపూటలు ల్యాబ్‌లో నాలుగైదు కంప్యూటర్లు తెరుచుకోవడానికి చాలాసేపు తీసుకునేవి. విద్యార్థులు, "అక్కా, ఇదింకా నిద్ర లేవలే," అని పిలిచేవాళ్ళు. వైర్లు పాతబడ్డాయని అనుకునేదాన్ని. అవి ముందు నల్లకుంటను పలకరించి, అది పలక్కపోతే మిగతావాటి దగ్గరికి వచ్చేవి. ఆరేళ్ళుగా అదే జరుగుతున్నది.

పని ఎందుకు ఆగిందని డైరెక్టర్ గారు అడిగితే, పాత సర్వర్ పేరు ఒకటి మిగిలిపోయిందని మాత్రం చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

"పోతూ పోతూ ఫిట్టింగ్ పెట్టి పోయిండన్నమాట."

కాదన్నాను. కాదన్నాననే అనుకుంటున్నాను, నా గొంతు ఆయనకు వినబడ్డట్టు లేదు. సోమవారం వరకు చూస్తానన్నారు. అప్పటికీ కాకపోతే బయటి కంపెనీవాళ్ళను పిలిపించి మొత్తం తుడిచి కొత్తగా పెట్టిస్తానన్నారు. సార్‌కు ఇవ్వాల్సిన రిలీవింగ్ లెటర్ అప్పటిదాకా ఆపమని నా ముందే రిసెప్షన్‌కు ఫోన్ చేసి చెప్పారు. "ఏం చేసి పోయిండో తేలనీ, అప్పుడిద్దాం."

ఆ లెటర్ సంగతి నాకు అంతకుముందే తెలుసు. రిసెప్షన్‌లో అక్క చెప్పింది. ఊరి చివర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సార్‌కు ల్యాబ్ ఉద్యోగం ఇస్తామన్నారట. ఇంతకాలం ఇక్కడ పనిచేసినట్టు, ఏ పేచీ లేకుండా బయటికి వచ్చినట్టు కాగితం తెమ్మన్నారట. ఇన్ని నెలలైనా ఇక్కడ ఇవ్వలేదు. సార్ మూడుసార్లు వచ్చి రిసెప్షన్‌లోనే కూర్చుని వెళ్ళారట. మేడ మీద ల్యాబ్‌లో నేను ఉన్నానని ఆయనకు తెలుసు. పైకి రాలేదు.

నేనూ ఆయన్ని ఒకసారి చూశాను. నారాయణగూడ చౌరస్తాలో, పండ్ల బండి దగ్గర. చేతిలో సంచి ఉంది. నన్ను చూడలేదనే అనుకుంటున్నాను. నేను పక్క గల్లీలోకి తిరిగి, పని లేకపోయినా ఒక జిరాక్స్ షాపులో నిలబడి, ఆయన వెళ్ళిపోయేదాకా అక్కడే ఉన్నాను.

అందుకే ఆయనకు ఫోన్ చేయలేకపోయాను. నంబరు ఉంది. పేరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాను. ఇలాంటప్పుడు ఏం చేయాలో ఆయన్ని అడిగితే రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. కానీ ఇన్ని నెలల తర్వాత చేసే మొదటి ఫోను నా పని కోసమా?

శనివారం మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చుని నల్లకుంట పేరు ఎక్కడెక్కడ ఉందో వెతకడం మొదలుపెట్టాను. సర్వర్ల పట్టికలో ఉంది. బ్రాంచుల పట్టికలో ఉంది. ఎవరు ఎవరితో మాట్లాడాలో రాసిపెట్టిన చోట ఉంది. పేర్లకు చిరునామాలు చెప్పే జాబితాలో లోపలి అరల్లో పదకొండు చోట్ల ఉంది. ఆ వెతుకులాటలో సార్ లాగిన్ కూడా కనిపించింది. ఆయన వెళ్ళిన మర్నాడు డైరెక్టర్ గారు నన్నే మూసేయమన్నారు, నేనే మూశాను. పేరు పక్కన, మూసేసినట్టు చూపే చిన్న బాణం గుర్తుతో అక్కడే ఉంది.

మిగతా సర్వర్లు నల్లకుంటతో చివరిసారి ఎప్పుడు మాట్లాడాయో కూడా చూడవచ్చు. చూశాను. ఆరేళ్ళ కిందటి తేదీ, మధ్యాహ్నం మూడు దాటాక. దసరా రోజులు. ఆ తేదీని ముందు తేదీగానే చూశాను. తర్వాత అది ఆయుధ పూజకు ముందు రోజని గుర్తుకొచ్చింది.

ల్యాబ్‌కు తాళం వేసి నారాయణగూడలోని నా గదికి నడిచాను. మంచం కింద ట్రంకు పెట్టెలో నా డైరీలుంటాయి. వాటి మీద నవలలు పేర్చి ఉంటాయి, ఎవరైనా తెరిస్తే ముందు అవే కనబడాలని. ఆ ఏడాది డైరీ అడుగున ఉంది. ఆ తేదీన ఇలా రాసుకున్నాను:

"నల్లకుంట ఖాళీ చేశాం. ఇక్కడ టెస్టు ఉందని సార్ రాలేదు, నన్ను ఒక్కదాన్నే పంపారు. పాత ప్రశ్నపత్రం వెనక నాలుగు పనులు వరసగా రాసిచ్చారు. మూడోది అర్థం కాలేదు. ఫోన్ చేద్దామనుకున్నాను. ఇంత చిన్నది కూడా తెలియదా అనుకుంటారని చేయలేదు. వచ్చాక సార్ అడిగితే అయింది అన్నాను. రేపు నెమ్మదిగా అడిగి తెలుసుకోవాలి."

మూడో పని సర్వర్‌ను డిమోట్ చేసి, ఆ తర్వాత ఆపడం. అంటే, నేను వెళ్ళిపోతున్నాను, నా పేరు కొట్టేసుకోండి అని అది మిగతా సర్వర్లతో చెప్పాలి. అవి సరేనన్నాకే మీట నొక్కాలి. నాకు ఆపడం ఒక్కటే అర్థమైంది.

డైరీలో లేనివి కూడా గుర్తొచ్చాయి. ఇంటి ఓనరు తాళం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కింద ట్రాలీ ఆటో ఆయన హారన్ మీద హారన్ కొడుతున్నాడు. సాయంత్రంలోగా సామానంతా అశోక్ నగర్ చేరాలని డైరెక్టర్ గారి పట్టుదల. మర్నాడు ఆయుధ పూజ. మా సెంటర్‌లో అన్ని కంప్యూటర్లనూ కడిగినట్టు తుడిచి, సర్వర్లను ఒక బల్ల మీద వరసగా పెట్టి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, గుమ్మడికాయ కొట్టడం ఆనవాయితీ. ఏ బ్రాంచి మిషన్ అయినా ఆ వరసలో లేకపోతే కీడని ఆయన నమ్మకం. నేను మీట నొక్కి పట్టుకున్నాను. దీపం ఆరింది. ఆటోలో దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, కుదుపులకు ఏమైనా అవుతుందేమోనని. మర్నాడు దానికి బొట్టు పెట్టింది కూడా నేనే. పూజ అయిన వారానికి అందులో ఉన్నదంతా చెరిపేసి స్టాఫ్ రూములో మామూలు కంప్యూటర్‌గా పెట్టారు. ఇక వెనక్కి తేవడానికి ఏమీ మిగల్లేదు.

రేపు అడగాలని రాసుకున్నాను కదా. రేపు పూజ. ఎల్లుండి పండుగ. తర్వాత అడగలేదు. ఇంకో ఏడాదికి డిమోట్ అంటే ఏమిటో నాకు తెలిసింది. తెలిసిన రోజు నల్లకుంట గుర్తు రాలేదా అంటే, వచ్చింది. అంతా నడుస్తున్నది కదా అనుకుని ఊరుకున్నాను.

ఆదివారం పొద్దున ల్యాబ్‌కు వెళ్ళాను. కింద టీ బండి దగ్గర ఎవరో కరెంట్ అఫైర్స్ అప్పజెప్పుకుంటున్నారు. ముందు మొత్తానికి ఒక నకలు తీసి పక్కన పెట్టుకున్నాను. తర్వాత సర్వర్ల పట్టిక తెరిచాను. నల్లకుంట, నారాయణగూడ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. ఒక్క గీత కిందికి జారి నొక్కితే బతికున్న సర్వర్ పోతుంది, దాంతోపాటు ఆ బ్రాంచి పిల్లలు రాసుకున్నవన్నీ పోతాయి. స్కేలు తెచ్చి స్క్రీన్‌కు ఆనించి పట్టుకున్నాను. ఎవరైనా చూస్తే నవ్వుతారు.

తీసేయమన్నాను. అనుమతి లేదంది. మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ లేదంది. కారణం వెతకడానికి గంట పట్టింది. మూడు సర్వర్ల మీదా సార్ ఒక టిక్కు పెట్టి ఉంచారు, పొరపాటున ఎవరూ చెరిపేయకుండా. సర్వర్లు పెట్టిన రోజే పెట్టి ఉంటారు. దాన్ని తీసేశాను.

అప్పుడు ఒక చిన్న పెట్టె తెరుచుకుంది. ఈ సర్వర్ శాశ్వతంగా ఆగిపోయింది, దీన్ని ఇక పద్ధతి ప్రకారం దింపడం సాధ్యం కాదు అని అందులో ఒక వాక్యం. పక్కన టిక్కు పెట్టడానికి గడి. నిజమేనని ఒప్పుకుంటూ టిక్కు పెడితేనే పని ముందుకు సాగుతుంది.

టిక్కు పెట్టాను. నల్లకుంట పట్టికలోంచి వెళ్ళిపోయింది. బ్రాంచుల పట్టికలో ఖాళీ గూడు మిగిలితే అదీ తీసేశాను. చిరునామాల జాబితాలో పదకొండు పేర్లూ ఒక్కొక్కటి చదువుకుని ఒక్కొక్కటి తీశాను. పేరు పక్కనున్న చిరునామా చూసి, అది నల్లకుంటదే అని ఒక పాత ప్రశ్నపత్రం వెనక రాసుకుని, ఆ తర్వాత తీశాను. మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ అడిగాను, ఎక్కడిదాకా వచ్చిందని.

అన్ని సర్వర్లూ సిద్ధంగా ఉన్నాయంది.

సంతోషం కలగాల్సింది. సార్ ఉంటే రెండు చేతులూ ఎత్తి, "అబ్బ, పలికినయ్ రా నాయనా," అనేవారు. నేను కుర్చీలో అలాగే కూర్చున్నాను.

సోమవారం పొద్దున రిపోర్టు రాసుకుని డైరెక్టర్ గారి గదికి వెళ్ళాను. ఒక్క పేజీ. ఏమైంది, ఎందుకైంది, ఎవరి వల్ల అయింది. మాట్లాడలేకపోతే కాగితమైనా ఉంటుందని. ఆయన ఫోన్‌లో ఉన్నారు. కూర్చోమని చేత్తో చూపించారు. నేను కూర్చోలేదు. ఫోన్ పెట్టేశాక, మాక్ టెస్టుకు అంతా రెడీ అని చెప్పాను. ఆయన చాలా సంతోషించారు. అప్పుడు కాగితం ముందుకు జరిపాను.

"సార్ తప్పు కాదు సార్. నాది. ఆరేళ్ళ కింద నల్లకుంట సర్వర్‌ను సరిగ్గ తీయకుండ ఆపింది నేను."

కాగితం పైనుంచి కిందికి చదివారు. కోపగించుకుంటారనుకున్నాను. చిరునవ్వు నవ్వారు.

"ఎందుకమ్మా నీ పేరు రాస్కుంటవ్? పాత ఇష్యూ, సాఫ్ అయిపోయింది అని రాయి. ఆయన ఎట్లాగూ పోయిండు. నువ్వు ఉండేదానివి."

అందులో చెడ్డతనం లేదు. నా మంచి కోసమే అన్నారు. నా పేరు ఉండాల్సిన చోట సార్ పేరు ఉంటే ఎవరికీ నష్టం లేదని నిజంగానే అనుకున్నారు. నేను మళ్ళీ నేలవైపు చూశాను. అవే టైల్స్. కానీ ఈసారి అక్కణ్ణుంచి కదల్లేదు. ఆయన ఇంకో ఫోన్ ఎత్తారు, మాట్లాడారు, పెట్టేశారు. నేను నిలబడే ఉన్నాను.

"ఇంకేంది?"

"సార్ లెటర్," అన్నాను.

"నువ్వు జర పరేషాన్ చేస్తున్నవ్ అమ్మా," అన్నారు గానీ, రిపోర్టు మీద చూసినట్టు సంతకం పెట్టి, రిసెప్షన్‌కు ఫోన్ చేసి టైపు చేయమన్నారు. అది టైపై, ఆయన వేరే ఊరు వెళ్ళి వచ్చి, సంతకమై, ముద్ర పడేసరికి గురువారం అయింది. కొరియర్‌లో పంపుతానంది అక్క. నేను తీసుకెళ్తానన్నాను.

సార్ వాళ్ళ ఇల్లు చిక్కడపల్లిలో, మార్కెట్ వెనక గల్లీలో, మేడ మీద. పనిలో చేరిన కొత్తలో ఒకసారి భోజనానికి పిలిచారు. దారి మరిచిపోలేదు. మెట్ల కింద రెండుసార్లు ఆగాను. ఆంటీ తలుపు తీశారు. నన్ను గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది.

"చిక్కినవేంది ఇంత? రా, లోపటికి రా."

సార్ హాల్లో కింద కూర్చుని, పేపరు పరిచి, ఎవరిదో మిక్సీ విప్పుతున్నారు. జుట్టు బాగా తెల్లబడింది. లేవబోతే వద్దన్నాను, నేనూ కిందనే కూర్చున్నాను. ఇద్దరం కాసేపు మిక్సీ వైపు చూశాం. ఊరి సంగతులు అడిగారు, అమ్మ ఎలా ఉందని అడిగారు. ల్యాబ్ సంగతి అడగలేదు. బ్యాగులోంచి కవరు తీసి ఇచ్చాను. కవరు చూడగానే ఏమిటో ఆయనకు తెలిసిపోయింది. చేతులకు నూనె ఉందని విప్పకుండా పక్కన పెట్టారు.

"మొన్ననే వేరేవాళ్ళను తీస్కున్నరంట ఆ కాలేజీల," అన్నారు ఆంటీ వంటింటి గుమ్మంలోంచి. "ఇంక ఎన్ని రోజులు ఆగుతరు వాళ్ళైనా."

"ఇప్పుడు ఆ ముచ్చటెందుకు," అన్నారు సార్.

ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పనని తెలుసు. మొదటినుంచీ చెప్పాను, డైరెక్టర్ గారు అన్న మాట, నల్లకుంట పేరు, డైరీ, మూడో పని. వరస తప్పింది, వెనక్కి వెళ్ళి మళ్ళీ చెప్పాను. సార్ మిక్సీ మూత చేతిలో తిప్పుతూ విన్నారు.

"నాకు తెల్సు బిడ్డా," అన్నారు. "అదే వారం చూసిన. నల్లకుంట పలుకుతలేదని పొద్దున పొద్దున ఎర్ర గుర్తు వస్తుండె."

"మరి నన్నెందుకు అడగలే సార్?"

"అడిగితే నువ్వు మూడు రోజులు అన్నం తినవు. ఒక ఆదివారం కూసొని నేనే తీసేద్దాం అనుకున్న. ఆదివారాలు వచ్చినయ్, పోయినయ్." మూత కింద పెట్టారు. "నడుస్తున్నదాన్ని కదిలియ్యబుద్ధి కాలే. నీ తప్పు సగమైతే నాది సగం."

సగం కాదు. ఆయన పేరు మీద పడ్డ మాట, రాని ఆ ఉద్యోగం, రెండూ ఆయన వైపే ఉన్నాయి. నా వైపు ఆయన కుర్చీ ఉంది. ఆ మాట అనలేకపోయాను. ఇంకొకటి మాత్రం అన్నాను.

"ఆ రోజు మీటింగ్‌ల నేను మాట్లాడాల్సింది సార్."

ఆయన మిక్సీ మూతను మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. గల్లీలో కూరగాయల బండి వెళ్తున్న చప్పుడు వినిపించింది.

"మాట్లాడితే ఇద్దర్నీ పంపుతుండె," అన్నారు చివరికి.

అది ఆయన నిజంగా అనుకున్నదో, నా కోసం అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రి డైరీలో కూడా ఉన్నదున్నట్టు రాసుకున్నాను, పక్కన ఏమీ చేర్చలేదు.

ఆంటీ చాయ్ తెచ్చి, కవరు చూసి, అందులో ఏం రాశారో అడిగారు. సార్ చేతులు గుడ్డకు తుడుచుకుంటూ, "నువ్వే చదువు బిడ్డా, ఆమెకు కూడ తెలుస్తది," అన్నారు. లెటర్ ఇంగ్లీషులో ఉంది. ఆంటీకి అర్థమయ్యేలా తెలుగులో చెప్పుకుంటూ చదివాను. ఫలానా వారు మా సంస్థలో పద్దెనిమిదేళ్ళు ల్యాబ్ ఇన్‌చార్జ్‌గా పనిచేశారు. స్వయంగా విధుల నుంచి తప్పుకున్నారు. వారి ప్రవర్తన సంతృప్తికరం. వారి భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం.

స్వయంగా అన్నచోట చదవడం ఆపాను. సార్ ముఖం చూశాను. కానీయమన్నట్టు తల ఊపారు.

"అంతేనా?" అన్నారు ఆంటీ.

"అంతే, ఆంటీ."

"పద్దెనిమిదేండ్లకు నాలుగే లైన్లా?"

"కింద ముద్ర గూడ ఉన్నది కదనే," అన్నారు సార్. ఆంటీ నవ్వలేదు. చాయ్ గ్లాసులు అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయారు. లోపల నల్లా తిప్పిన చప్పుడు వచ్చింది, గిన్నెలు కడుగుతున్నట్టు. అంతసేపు కడగడానికి అక్కడ గిన్నెలు లేవు.

సార్ గోడకు ఆనుకుని కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నారు.

"మొదటి లైన్ ఇంకోసారి చదువు," అన్నారు. "జర గట్టిగ. ఆమెకు ఇనవడాలె."

నేను లెటర్ మళ్ళీ విప్పాను. ఆ మొదటి లైనే, ఆయన పూర్తి పేరుతో, ఇంటి పేరుతో సహా, పద్దెనిమిదేళ్ళ దగ్గర ఆగకుండా, నల్లా చప్పుడు దాటి వంటింట్లోకి వినబడేంత గట్టిగా చదివాను. లోపల నల్లా ఆగింది.